మేకుల కొట్టంలో ఉయ్యాల

చీకటి పడ్డాక ఫోర్జ్ లేన్ చివర పాడుబడ్డ ఇనుప మేకుల కొట్టం ముందునుంచి పసిబిడ్డను తీసుకెళ్లకూడదు. మా కాల్డ్‌వెల్ హీత్‌లో ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పరు, కానీ అందరికీ తెలుసు. బిడ్డల బండ్లు తోసుకుంటూ వచ్చే తల్లులు ఆ మలుపు రాగానే బురదదారి పట్టి, చుట్టూ తిరిగి ఇళ్లకు పోతారు. ఎందుకమ్మా ఆ అవస్థ అంటే, "అటు గాలి ఎక్కువండీ" అంటారు. గాలీ లేదు, గీలీ లేదు.

అక్కడ ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తుంది...

ఒక్క మాటే అడుగుతుంది. "వీడికేం పేరు పెట్టారు?"

నేనైతే వినలేదు. ఆ సందు మొదట్లోనే పేపర్ల షాపు పెట్టుకుని ఇన్నేళ్లుగా బతుకుతున్నా, చీకటి పడగానే గడియ వేసి రేడియో గట్టిగా పెట్టుకుంటాను. వినపడకపోవడానికి అదే కారణమేమో. ఇదంతా నాకు హోరేస్ రేబోల్డ్ చెప్పాడు. కొంత నా కళ్లముందే జరిగింది. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెప్తాను.

హోరేస్ బస్సు కండక్టరు. రిటైరయ్యాడు, భార్య పోయింది, మాట్లాడటానికి ప్రయాణికులు లేరు. అప్పుడు పట్టుకుంది వంశవృక్షం పిచ్చి. ఆ రోజుల్లో మా ఊళ్లో సగం మంది ముసలివాళ్లకు అదే జబ్బు. వెతికితే ఎక్కడో ఒక జమీందారు దొరక్కపోతాడా అని ఆశ. హోరేస్‌కి దొరికినవాళ్లంతా మేకులు కొట్టిన కమ్మరులే. తండ్రి మేకులు, కొడుకు మేకులు, కోడలు మేకులు, మాటలు రాని పిల్ల తప్ప ఇంటిల్లిపాదీ మేకులే. చర్చి రిజిస్టర్లలో పేరు పక్కనే "బీదవాడు" అని రాసి ఉంటుంది. అయినా మనవాడికి గర్వం.

"రెండొందల ఏళ్లు ఒకే ఊరు, ఒకే పని. రాజవంశాలకి కూడా లేదు తెలుసా?" అనేవాడు పేపరు కోసం వచ్చి.

"రాజులకి తిండైనా ఉంది హోరేస్," అనేదాన్ని.

వాళ్లందరిలో అతనికి బాగా నచ్చిన పేరు జోబ్. తరానికొక జోబ్ రేబోల్డ్ ఉన్నాడు, ఒక్కొక్కడూ ఎనభై దాకా బతికాడు. పొగలో, నిప్పురవ్వల్లో, అరకడుపు తిండితో ఎనభై! చివరి జోబ్ హోరేస్ తాత. ఆయన తర్వాత ఇంట్లో ఆ పేరు ఎవరికీ పెట్టలేదు.

ఆ నవంబరులో హోరేస్ కూతురు గ్లెనిస్‌కి కొడుకు పుట్టాడు. నెలలు నిండని బిడ్డ. పాలు సరిగా తాగడు. నిద్రలో ఊపిరి ఆగినట్టే ఉంటుంది, అంతలో మళ్లీ ఛాతీ కదులుతుంది. గ్లెనిస్ మొగుడు ట్రెవర్‌కి ఫౌండ్రీలో రాత్రి డ్యూటీలు, అందుకని ఆ పిల్ల తండ్రి దగ్గరే ఉంటోంది.

"ఆ పేరులో ఆయుష్షుంది. జోబ్ అని పెడితే వీడు బతికి బట్టకడతాడు," అన్నాడు హోరేస్. ఆదివారం బాప్తిస్మం, పేరు జోబ్ అని ఊరంతా చాటేశాడు. గ్లెనిస్ ఔననలేదు, కాదనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎవరితోనూ సరిగ్గా మాట్లాడింది లేదు.

అడ్డుపడ్డది ఒక్క హెప్జిబా ముసలమ్మే. హోరేస్‌కి మేనత్త, ఆ ఇంట్లో మేకులు కొట్టిన చివరి మనిషి. తొంభై ఏళ్ల వయసులో కూడా ఆవిడ కుడిచెయ్యి ఎడమచేతికంటే లావుగా ఉండేది.

"ఆ పేరు వద్దురా," అంది.

"ఎందుకత్తా?"

"మా నాన్న తనతోనే పోవాలన్నాడు. పోనీరా దాన్ని."

"ఎనభై దాటి బతికాడు కదా ఆయన!"

"ఆయన బతికాడు..." అని ముసలమ్మ నోరు మూసుకుంది.

శనివారం మధ్యాహ్నం హోరేస్ చర్చికి వెళ్లాడు. బైండింగుకు పంపిన పాత చావుల రిజిస్టర్లు తిరిగొచ్చాయని పాదిరీ గారు కబురు పెట్టారు. మర్నాడు బాప్తిస్మం టీ విందులో గోడకు తగిలించే వంశవృక్షం పటంలో తాత పోయిన తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది, అది చూసుకుంటే చాలనుకున్నాడు. ఈ వంశవృక్షాల వాళ్లంతా చేసే పొరపాటే అతనూ చేశాడు. పుట్టినవాళ్లను వెతుకుతారు, పెళ్లాడినవాళ్లను వెతుకుతారు, చచ్చిపోయిన పసివాళ్లను మాత్రం వెతకరు. వాళ్లకు పిల్లలు పుట్టరు కదా, చెట్టుకు కొమ్మ రాదు.

చలికి చేతులు రుద్దుకుంటూ అన్నిటికంటే పాతదాని నుంచి పేజీలు తిప్పాడు. మొట్టమొదట కనిపించిన పేరే — జోబ్ రేబోల్డ్, పసిబిడ్డ.

వేరే రేబోల్డులేమో అనుకున్నాడు. తల్లిదండ్రుల పేర్లు చూశాడు. ఐజక్, హన్నా... తన వాళ్లే. చెట్టుకు వేరు అనుకున్నవాళ్లే.

ఇంకో తరానికి తిప్పాడు. జోబ్ రేబోల్డ్, పసిబిడ్డ. ఇంకో తరం... మళ్లీ జోబ్, మళ్లీ పసిబిడ్డ. ఎనభై ఏళ్లు బతికిన ప్రతి జోబ్‌కీ ముందు ఒక జోబ్ ఉన్నాడు. మొదటివాడు పోవడం, తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం. ప్రతిసారీ అంతే. తాతకు కూడా ముందొకడున్నాడు.

గ్లెనిస్ కొడుకు ఈ తరంలో మొదటివాడు.

హోరేస్ రిజిస్టర్లు అలాగే వదిలేశాడు. పటం సంగతి మర్చిపోయి తిన్నగా ఫోర్జ్ లేన్‌లో మేనత్త ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ అతని మొహం చూడగానే, "చదివావా?" అంది.

"ఏం జరిగిందత్తా? మొదటి పిల్లాడికి ఏమైంది?"

ముసలమ్మ గొంతు తగ్గించింది. "హన్నా బాలింత. అయినా శనివారానికి షావుకారుకి మేకులు అప్పజెప్పకపోతే పై వారానికి ఇనుము ఇవ్వడు. అప్పట్లో బిడ్డను బుట్టలో వేసి దూలానికి వేలాడదీసేవాళ్లు. బుట్ట తాడు కొలిమితిత్తి కర్రకు కట్టేవాళ్లు. తిత్తి లాగితే నిప్పు రాజుకుంటుంది, ఉయ్యాలా ఊగుతుంది. నన్నూ మా అమ్మ అలాగే ఊపింది. ఆ రోజు హన్నా పొద్దున్నుంచీ తిత్తి లాగింది, సుత్తి వేసింది. బిడ్డ బుద్ధిగా పడుకున్నాడనుకుంది. సాయంత్రం పాలివ్వడానికి తీస్తే... చల్లగా ఉన్నాడు. ఎప్పుడు పోయాడో తెలీదు. పోయినవాణ్ణే ఊపుతూ కూర్చుందిరా."

హోరేస్ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"మరుసటేడు ఇంకోడు పుడితే మొగుడు అదే పేరు పెట్టేశాడు. అందరూ చేసే పనేలే. చొక్కా తర్వాతవాడికి తొడగరూ, పేరూ అంతే. హన్నా మాత్రం ఒప్పుకోలేదు. నా బిడ్డ పేరు లాక్కుని వీడికిచ్చారు, ఇప్పుడు వాణ్ణి ఏమని పిలవను అని ఏడ్చి ఏడ్చి ఆ కొట్టంలోనే పోయింది. అప్పట్నుంచి ఏ తరంలోనైనా కొత్తగా జోబ్ అని పిలుపు వినపడితే తన బిడ్డే అనుకుంటుంది. తీసుకుపోతుంది."

"ముందే చెప్పొచ్చు కదే అత్తా!"

"చెప్తే నమ్మేవాడివా? రిజిస్టరులో ఉంటేనే కదరా నీకు నిజం."

బయటికొచ్చేసరికి చీకటి పడిపోయింది. పొగమంచు. బాప్తిస్మం తెల్లారితేనే. చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక లేక, హోరేస్ కొట్టం పక్కనుంచే అడుగులు వేశాడు. నా చేతిలో బిడ్డ లేడు కదా, నాకేం భయం అని తనకు తానే చెప్పుకున్నాడట.

కిర్ర్...

ఆగాడు.

కిర్ర్... ఉఫ్‌... కిర్ర్... ఉఫ్‌...

తిత్తి లాగుతున్న చప్పుడు. ఆ కొట్టంలో తిత్తి ఎప్పుడో ఎలుకలు కొరికి ముక్కలైపోయింది. కిటికీకి తలుపుల్లేవు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

కొలిమిలో నిప్పు లేదు. అయినా లోపల కొంచెం వెలుగుంది. దూలానికి ఒక బుట్ట వేలాడుతోంది. మెల్లగా ఊగుతోంది... ఇటు... అటు...

బుట్టలో బిడ్డ ఉన్నాడు. తెల్లటి తువ్వాలు చుట్టి ఉంది. పాతకాలం గుడ్డ కాదది. ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతి మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ — ఈ కాలం ఆసుపత్రుల్లో కడతారే, అది. ఉయ్యాల ఇటు ఊగినప్పుడు మొహం కనిపించింది.

తన మనవడి మొహం.

చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఆడగొంతు. "వీడికేం పేరు పెట్టారు?"

అప్పుడు నేను హోరేస్ ఇంట్లోనే ఉన్నాను. మర్నాటి విందుకు కేకు పట్టుకెళ్లాను. తలుపు ధడాలున తెరుచుకుంది. టోపీ లేదు, మోకాళ్లు చీరుకుపోయి రక్తం. "బిడ్డేడీ? బిడ్డేడే గ్లెనిస్?" అని అరిచాడు.

బిడ్డ తల్లి ఒళ్లోనే ఉన్నాడు, పాలు తాగుతున్నాడు. హోరేస్ వాడి పాదాలు పట్టుకుని భోరుమన్నాడు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడుస్తూనే అంతా చెప్పాడు. రిజిస్టరు, హన్నా, ఉయ్యాల, తెల్ల తువ్వాలు, చేతి పట్టీ... "ఆ పేరు పెట్టకమ్మా! వాణ్ణి చూశాను, తీసుకుపోవడానికి చూస్తోంది. వీడి మొహమే, అచ్చం వీడి మొహమే!"

గ్లెనిస్ మొహం పాలిపోయింది. బిడ్డను గుండెకు హత్తుకుంది. తర్వాత మెల్లగా అంది.

"వాడు... ఏడుస్తున్నాడా నాన్నా?"

ఆ పిల్ల ఎవరి గురించి అడుగుతోందో నాకు అర్థం కాలేదు. హోరేస్‌కీ అర్థం కాలేదు.

"ఇద్దరు పుట్టారు నాన్నా. కవలలు. ముందు పుట్టినవాడు కాసేపే ఉన్నాడు. నర్సు నీళ్లు తెచ్చి, త్వరగా పేరు చెప్పమ్మా, బాప్తిస్మం ఇచ్చేస్తాను అంది. నువ్వెప్పుడూ అనే పేరే నోటికొచ్చింది. జోబ్ అన్నాను. వాణ్ణి పట్టుకెళ్లిపోయారు, నా చేతికి కూడా ఇవ్వలేదు. ఎక్కడ పాతిపెట్టారో చెప్పలేదు. ఇంకోడున్నాడుగా, వాణ్ణి మర్చిపో అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నాడు ట్రెవర్."

"మరి వీడికి జోబ్ అని నేను ఊరంతా చెప్తుంటే ఊరుకున్నావేమే?"

"నువ్వు ఆ పేరు అన్నప్పుడల్లా వాణ్ణి పిలుస్తున్నట్టుండేది." కళ్లు తుడుచుకుంది. "చెప్పు నాన్నా. ఏడుస్తున్నాడా?"

"లేదమ్మా," అన్నాడు హోరేస్. "నిద్రపోతున్నాడు. ఎవరో ఊపుతున్నారు."

గ్లెనిస్ లేచింది. బిడ్డను నా చేతుల్లో పెట్టింది, కోటు తొడుక్కుంది. వద్దు వద్దని నేను మొత్తుకుంటున్నా వినలేదు. హోరేస్ టార్చిలైటు పట్టుకుని వెనకే పరిగెత్తాడు. ఆ అరగంట నేను ఎలా గడిపానో నాకే తెలుసు. ఒళ్లో బిడ్డ ఊపిరి ఆగినట్టైతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడమే.

అక్కడేం జరిగిందో హోరేస్ తర్వాత చెప్పాడు.

గ్లెనిస్ తిన్నగా కొట్టంలోకి వెళ్లింది. అతను గుమ్మం దగ్గరే ఆగి లోపలికి లైటు వేశాడు. వెలుగులో కొలిమి, బూజు, మేకులు కొట్టే విరిగిన దాగలి తప్ప ఏమీ లేవు. లైటు పక్కకు జరిగితే మాత్రం... కిర్ర్... ఉఫ్‌... కిర్ర్... ఉఫ్‌...

"వీడికేం పేరు పెట్టారు?" అంది గొంతు.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. విన్నవాళ్లంతా పారిపోయినవాళ్లే.

"జోబ్," అంది గ్లెనిస్. "వాడి పేరు జోబ్. అది వాడిదే. రేపు నా రెండోవాడికి వేరే పేరు పెడతాను. వాడి పేరు తీసి ఎవ్వరికీ ఇవ్వను."

తిత్తి చప్పుడు ఆగింది. పొగమంచులో ఎక్కడా ఏ అలికిడీ లేదు. అయిపోయింది, బతికిపోయాం అనుకున్నాడు హోరేస్. కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగాడు.

వెనకనుంచి మళ్లీ ఆ గొంతు. ఈసారి గ్లెనిస్‌ని కాదు, అతన్నే అడిగింది. చాలా మెల్లగా... బతిమాలుతున్నట్టు...

"మరి నా వాడికి?"

రెండొందల ఏళ్ల రేబోల్డుల పేర్లన్నీ కంఠతా వచ్చిన హోరేస్‌కి, హన్నా బిడ్డకివ్వడానికి ఒక్క పేరు కూడా నోటికి రాలేదు.