మూడు బిందెలు, ముప్పై నవ్వు ముఖాలు

"మనుషుల మనసుల్ని గీ కాగితాల మీద కొలుస్తరా సారూ?"

అహల్య నాతో అన్న మొదటి మాట అది. రేగొండ బడిలో టీచరమ్మ. అని ఊరుకోకుండా పడీపడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

అది 1984. నేను పుట్టింది జనగామలోనే అయినా పెరిగింది హైదరాబాదులో. ప్లాస్టిక్ బిందెల కంపెనీలో కొత్తగా చేరాను. మూడు రకాల బిందెలు ఆడవాళ్లకు చూపించాలి. చూడగానే ఏమనిపించిందో, ఏడుపు నుంచి నవ్వు దాకా ఉన్న అయిదు ముఖాల బొమ్మల్లో ఒకటి ముట్టుకోమనాలి. ఏది నచ్చిందో సరిగ్గా తేల్చకపోతే నా ఉద్యోగం ఊడినట్టే.

రేగొండలో పదిమందిని అడిగాను. మూడింటికీ అందరూ నవ్వు ముఖమే ముట్టుకున్నారు.

"అన్నీ మంచిగనే ఉన్నయి బిడ్డా," అంది సాలమ్మవ్వ.

"గిట్లయితే నేను మునిగిన," అన్నాను అహల్యతో.

"చుట్టం తెచ్చినదానికి మా ఊర్ల ఎవ్వరు వంక పెట్టరు. మనోళ్లయితేనే పెడ్తరు. గా బొమ్మలు సంచిల పెట్టి, రేపు పొద్దుగాల బోరింగు కాడికి రాండ్రి."

వెళ్లాను. సాలమ్మవ్వ ఎర్ర బిందె నింపి చంకనెత్తుకుంది. రెండడుగులకే దించేసింది. ఆకుపచ్చ బిందెకు ముఖం చిట్లించింది. మూడోది పసుపుది, ఒక పక్క కాస్త లోపలికి వంగి ఉంటుంది. అది ఎత్తుకున్నాక నడవడమే మరిచిపోయింది. ఆమె అరచేయి బిందె మెడను నిమురుతోంది, పసిపాప వీపు నిమిరినట్టు. నిమురుతున్నట్టు ఆమెకే తెలియదు.

ఒక మనిషికి ఒక వస్తువు నచ్చడం ఇంత పెద్ద సంగతి అని నాకు అంతవరకూ తెలియదు. పక్కకు చూస్తే అహల్య కూడా రెప్ప వేయడం లేదు.

"రోజూ గీళ్ల చేతులే చూస్త సారూ. ఎంత చూసినా కడుపు నిండదు," అంది మెల్లగా.

అప్పుడే ఆమెను ప్రేమించాను.

కంపెనీ పసుపు బిందెనే ఖాయం చేసింది. నెల తిరక్కుండా మళ్లీ రేగొండ బస్సెక్కాను.

"ఇప్పుడేం కొలువనీకొచ్చిండ్రు?" అంది అహల్య.

"ఏం లేదు. నువ్వు లేకుంట నాకు మనసున పడ్తలేదు, ఏం తోస్తలేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. "బాపును అడుగుండ్రి," అని లోపలికి పరుగెత్తింది.

అడిగాను. వాళ్ల బాపు జగపతిగారు చాయ్ తెప్పించారు.

"మీరు గొప్పోళ్లు బాబూ. మీ ఉద్యోగం మంచిది, మీ మాట మంచిది."

ఒక్క వంకా పెట్టలేదు. నా ప్రాణం ఉసూరుమంది. చాయ్ తాగి, దండం పెట్టి లేచాను. గడప దాటబోతుంటే వెనక నుంచి కేక.

"ఆగుర పిలగా! గంత బక్కగున్నవ్, సంసారం ఎట్ల ఈదుతవ్? చెవుల మీదికి గా జుట్టేంది? కూసో, అన్నం తిని పో!"

నేను అక్కడే కూలబడ్డాను. తలుపు చాటు నుంచి అహల్య గొంతు వినిపించింది.

"అంగీ గూడ మంచిగ లేదు బాపూ!"