గుమ్మం మీద ఒకటి, బైబిల్లో ఒకటి

శనివారంలోగా చేయవలసినవి: కోళ్లు అమ్మేయాలి. గ్యాసు బండ ఎలమంచిలిలో చెల్లెలింటికి చేర్చాలి. రేషను కార్డులో అడ్రసు మార్పించాలి. పైడితల్లికి చెప్పాలి.

చివరిది కొట్టేసి మళ్లీ రాసి ఉంది. ఆ చీటీని వరప్రసాదరావు బల్ల మీద పెట్టి అంతోనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అనకాపల్లిలో అతను ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టి నాలుగేళ్లయింది. సహాయకురాలు సుజి నోటుపుస్తకం తెరిచింది.

"నేనద్దెకున్న ఇంట్లో ముందుగది పైడితల్లికి అద్దెకిచ్చేను బాబూ, మిషను కుట్టుకుంటాదని. ఇంటామె అప్పలనర్సమ్మగారు ఒప్పుకుని, కాయితం రాయించి వేలిముద్ర ఏసేరు. ఆవిడ పోయేరు. ఇప్పుడు కొడుకు త్రినాధరావు, పర్మిషనేదీ, శనివారంలోగా ఇద్దరూ ఖాళీ సెయ్యండి అంటన్నాడు. కాయితం బైబిల్లో గుండుసూదులతో గుచ్చి దాసేను. మట్టల ఆదివారం గుడినుంచి వచ్చేసరికి లేదు."

"తాళంచెవి?"

"పూలకుండీ కింద. ఓనరుకి తెలుసు, పైడితల్లికి తెలుసు, మా మరిది రూఫస్‌కి తెలుసు."

అంతోనమ్మ ఇంటి గుమ్మం మీద, మట్టల ఆదివారం గుడిలో దీవించి ఇచ్చిన తాటాకు సిలువ పచ్చగా వేలాడుతోంది. బైబిల్లో, సూదుల చిల్లులు పడిన పేజీల మధ్య, అలాంటిదే మరొకటి.

"గుడినుంచి ఎన్ని తెచ్చావమ్మా?" అడిగాడు వరప్రసాదరావు.

"ఒకటే బాబూ. మనిషికో మట్ట ఇత్తారు, ఏటా పాతది తీసి కొత్తది గుమ్మానికి కడతాం."

పైడితల్లి ఆ ఉదయం సంతకి పోయానంది. త్రినాధరావు నవ్వాడు. "లేని కాయితం ఎవడెత్తుకుపోతాడండీ?"

రూఫస్ ఇంటి గుమ్మానికి నిరుటి మట్ట ఎండి వేలాడుతోంది. "గుడినుంచి తిన్నగా ఇంటికొచ్చేను సార్. ఆ పైడితల్లే తీసుంటది. బయటోళ్లని పెట్టుకోవద్దని వదినకి సెప్పేను, ఇంటేనా?"

సాయంత్రం అందరినీ ముందుగదిలో, కుట్టుమిషను చుట్టూ కూర్చోబెట్టాడు వరప్రసాదరావు.

"సూదులు పీకడానికి దొంగకి రెండు చేతులూ కావాలి. మట్టలు పంచగానే గుడిలోంచి జారుకుని వచ్చాడు, చేతిలో దీవించిన మట్ట ఉంది. దాన్ని నేలమీద పెట్టడానికి గుడికెళ్లే మనిషికి చెయ్యి రాదు. తెరిచిన బైబిల్లో పెట్టాడు, కంగారులో మరిచిపోయాడు. త్రినాధరావుకీ, పైడితల్లికీ అది ఉత్త తాటాకు. అంతోనమ్మది గుమ్మం మీదుంది. రూఫస్, ఈ ఏటి మట్ట నీ గుమ్మానికి ఎందుకు లేదు?"

రూఫస్ చెయ్యి జేబు మీదికి పోయింది.

"గది చేతికి రాకముందే త్రినాధరావుకి కాగితం ఇచ్చేసేంత అమాయకుడివి కావు. పర్సు తియ్యి."

పర్సులోంచి మడతపెట్టిన కాగితం బయటికొచ్చింది. "కాయితం తెత్తే, సెల్ రీఛార్జి షాపుకి ఈ గది నాకిత్తానన్నాడు త్రినాధరావు," అన్నాడు రూఫస్.

"ఎవడన్నాడ్రా?" అరిచాడు త్రినాధరావు.

సుజి కాగితం చదివింది. అంతోనమ్మ అద్దెకున్నన్నాళ్లూ ముందుగది ఆమె ఇష్టం. కింద వేలిముద్ర. దాని కింద సాక్షి సంతకం: త్రినాధరావుదే. తల్లే అతన్ని పక్కన నిలబెట్టి పెట్టించింది. దేవుడి ఆకును కింద పెట్టలేని చేయి వదిన ఇంటిని మాత్రం వీధిలో పెట్టబోయింది.

త్రినాధరావు చెప్పులు వెతుక్కున్నాడు. అంతోనమ్మ బైబిల్లోని మట్టను మరిది చేతిలో పెట్టింది.

"నీది నువ్వు పట్టుకుపో. మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు."

పైడితల్లి మిషను మీద గుడ్డ తీసింది.

అప్పలనర్సమ్మకు చదువు రాదు. "నేను పోయేక మావోడు మాట మారుత్తాడు, రాయించుకో అంతోనమ్మా" అని, ఎండలో తానే దస్తావేజుల రాతగాడి దగ్గరికి నడిచి వెళ్లింది. కేసు ఛేదించినవాళ్లను మీరు మరిచిపోయినా ఫరవాలేదు. దయచేసి ఆవిడను గుర్తుపెట్టుకోండి.