ముప్ఫై ఎనిమిదో మనిషి

ఇంట్లో ఆ పిల్లని కూడిక అని పిలిచేవారు. నాలుగేళ్ళప్పుడే ఎవరింటికి తీసుకెళ్ళినా ముందు మెట్లు, తర్వాత గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టి, లోపల ఎంతమంది ఉన్నారో తలుపు తట్టకముందే చెప్పేసేదట. అలా పిలిచేవాళ్ళలో ఇప్పుడు మిగిలింది అక్క ఒక్కతే. అక్క బట్టలు కుడుతుంది. మేడ మీద రెండు గదులు వాళ్ళవి. ముందు గదిలో అక్క కాలిమిషను, వెనక గదిలో కూడిక బల్ల. మధ్యలో తలుపు లేదు, ఒక తెర.

సోమవారం చరిత్ర అడ్వాన్స్‌డ్ పరీక్ష. అందులో ఎనభై వస్తేనే గణాంక శాస్త్రం కాలేజీలో సీటు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లకి చరిత్రతో ఏం పని అంటే, ఆ కాలేజీ నియమం అలాంటిది మరి. ఆర్నెల్లుగా ఎవరూ లేపకుండానే తెల్లవారకముందే లేచి చదువుతోంది. పదకొండేళ్ళ ప్రశ్నపత్రాలు తిరగేసి, ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక గీసి గోడకి అంటించింది. అయినా రాసిన ప్రతి మాదిరి పరీక్షలోనూ డెబ్భై ఒకటి, డెబ్భై రెండు, మళ్ళీ డెబ్భై ఒకటి.

పోయే మార్కుల్లో సగం ఒక్కచోటే పోతున్నాయి. ఫోటో ప్రశ్న. పాత ఫోటో ఒకటి ఇచ్చి, దాన్నిబట్టి ఆ కాలం గురించి రాయమంటారు. పాతిక మార్కులు. కూడికకి ఎప్పుడూ పదకొండు.

శనివారం మధ్యాహ్నం బడిలో మళ్ళీ అదే పదకొండు చేతికొచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎక్కడ తప్పండీ మాస్టారూ? వరసలు రాశాను, బట్టలు రాశాను, గేటు మీది గడియారంతో సహా రాశాను!"

"ఉన్నవాళ్ళ గురించి రాశావమ్మా. లేనివాళ్ళెవరు?"

"లేనివాళ్ళని ఎలా లెక్కపెడతారండీ?"

"అది తెలిస్తే తక్కిన మార్కులూ వస్తాయి," అని మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, కోపంలో అటూ ఇటూ చూడకుండా నేరుగా వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. బయట మబ్బు పట్టి, నాలుగింటికే గదిలో దీపం వెయ్యాల్సి వచ్చింది. ముందు గదిలో మిషను చప్పుడు. అభ్యాస పుస్తకంలో కొత్త ఫోటో తీసింది. నూలు మిల్లు. ఇటుక గోడ ముందు నాలుగు వరసల్లో కార్మికులు. కింద అచ్చులో: మిల్లు కార్మికులు, 38 మంది.

కూడిక లెక్కపెట్టింది. తొమ్మిది, పది, పది, ఎనిమిది. ముప్ఫై ఏడు.

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై ఏడే. భూతద్దం పెట్టి, పెన్సిలుతో ఒక్కొక్క తల మీదా చుక్క పెట్టుకుంటూ పోయింది. ముప్ఫై ఏడు.

"కాకిలెక్కలు! ఇలాంటి పుస్తకాలు చదివి ఎనభై ఎలా తెచ్చుకోను?" అని పెన్సిలు విసిరికొట్టింది. అది దొర్లుకుంటూ తెర కిందికి పోయింది. లేచి తెచ్చుకునే ఓపిక కూడా లేక, ఇంకో పెన్సిలు తీసుకుంది.

అప్పుడు కనపడింది ఆ చెయ్యి.

వెనక వరస చివర, గోడకి ఆనుకుని ఒక స్త్రీ. ఆమె కుడిచెయ్యి పక్కకి చాచి ఉంది. ఎవరి భుజం మీదో వేసినట్టు వేళ్ళు మెల్లగా వంగి ఉన్నాయి. కానీ ఆ చేతికింద ఎవరూ లేరు. వట్టి గోడ.

కూడిక ఒళ్ళు జలదరించలేదు. ఎగిరి గంతేసినంత పనయింది. లేనివాళ్ళని లెక్కపెట్టడం ఇలాగన్నమాట! గబగబా గోడ ఇటుకలు లెక్కపెట్టింది. చెయ్యి పద్నాలుగో వరస దగ్గరుంది. వరసకి మూడంగుళాలు. నలభై రెండు అంగుళాల ఎత్తులో భుజం. అంటే ఎనిమిదేళ్ళో, తొమ్మిదేళ్ళో. ఆ ఫోటో కాలం, పిల్లల చేత పని చేయించకూడదని చట్టం వచ్చిన కొత్త. ఫోటో తీసే ముందు ఆ పిల్లని పక్కకి లాగేసి ఉంటారు. తలలు ముందే లెక్కపెట్టినవాడు ముప్ఫై ఎనిమిది అని రాసేశాడు. పక్కనున్నామె మాత్రం చెయ్యి దించలేదు.

కలం పరుగెత్తింది. ఆర్నెల్లలో మొదటిసారి రాయడం హాయిగా ఉంది. ముందు గదిలో మిషను ఆగకుండా ఆడుతోంది. ఎక్కడో నూనె వాసన. మిషను నూనె కన్నా చిక్కగా, మాడినట్టు. ఎవరో పొడిగా దగ్గారు. కూడిక తలెత్తలేదు. చివరి వాక్యం రాస్తోంది: 37 + 1 = 38.

చెవి పక్కనే గుసగుస.

"నన్నూ లెక్కపెట్టావా?"

"ఆఁ, పెట్టాను. విసిగించకు," అంది, రాస్తూనే.

ముగింపు చుక్క పెట్టింది. అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది... పదిహేను... పదహారు... పదిహేడు. గుమ్మం ముందు ఆగాయి.

"కూడికా, తలుపు తియ్యవే! రెండు చేతుల్లోనూ సంచులున్నాయి."

అక్క గొంతు.

ముందు గదిలో మిషను ఇంకా ఆడుతోంది.

అక్క కుడితే ప్రతి కుట్టు చివరా ఆగుతుంది. దారం తెంపుతుంది. మళ్ళీ మొదలెడుతుంది. ఈ చప్పుడు నాలుగింటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు... అన్నీ లెక్కపెట్టే తను దీన్నెలా వదిలేసింది?

"ఏమే, వినపడలేదా?"

మిషను ఆగింది.

తెర తప్పించింది, మిషను వైపు మాత్రం చూడలేదు. కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి గడియ తీసింది. అక్క లోపలికొచ్చి, సంచులు దించి, మిషను వైపు చూసింది. కాలు పెట్టే పలక మీద దూది. గుప్పెడు పచ్చి దూది.

"ఇదెక్కడిదే? వారమంతా నేను కుడుతున్నవి రెయిన్‌కోట్లు!"

అక్క గొంతు తగ్గించింది.

"ఇందాక ఎవరితో మాట్లాడావు?"

"ఎవరితోనూ లేదు."

"కింద మెట్ల దగ్గరికి వినపడింది. 'ఆఁ, పెట్టాను' అన్నావు."

"నువ్వనుకున్నాను..."

విసిరిన పెన్సిలు ఎక్కడా దొరకలేదు.

సోమవారం పరీక్షలో ఇంకేదో ఫోటో వచ్చింది, ఓడరేవు గుమాస్తాలది. కూడిక లేనివాళ్ళ గురించి రాసింది. మూడు నెలలకి ఎనభై నాలుగు వచ్చాయి. సీటు వచ్చింది. మాస్టారు, "ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా?" అన్నారు.

ఎనభై దాటినవాళ్ళని బడి వెనక ఇటుక గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసి వరండాలో తగిలించడం ఆ బడి ఆనవాయితీ. వారం తర్వాత కూడిక చూడబోయింది. కింద రాసి ఉంది: చరిత్ర అడ్వాన్స్‌డ్, 13 మంది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నేరుగా గుమాస్తా గదిలోకి వెళ్ళింది.

"ఎనభై దాటింది పన్నెండు మందిమండీ! ఒక్క అంకె సరిగ్గా రాయలేరా?"

"ఫోటో తీసేటప్పుడు నేనే దగ్గరుండి తలలు లెక్కపెట్టానమ్మా. నా కళ్ళు బాగానే ఉన్నాయి."

తిరిగొచ్చి లెక్కపెట్టింది. పన్నెండు. మళ్ళీ పన్నెండు. పన్నెండోది తనే, వరస చివర, గోడకి ఆనుకుని.

తన కుడిచెయ్యి పక్కకి చాచి ఉంది. వేళ్ళు మెల్లగా వంగి ఉన్నాయి. ఆ చెయ్యి ఎత్తినట్టు ఆమెకి గుర్తు లేదు.

వద్దనుకుంటూనే ఇటుకలు లెక్కపెట్టింది. వరసకి మూడంగుళాలు. నేల నుంచి చేతి దాకా... పన్నెండు... పదమూడు... పద్నాలుగు, మిల్లు ఫోటోలో ఆ పిల్ల భుజం ఇంతవరకే...

పదిహేను.