మాయమైన రీడింగులు

ఫోల్డర్ పోయింది.

ఉదయం ఆరున్నరకి వాటర్ వర్క్స్ కంట్రోల్ రూమ్‌లో ఆ సంగతి బయటపడింది. ట్యాంకుల్లో నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో నిమిషానికోసారి నమోదయ్యే రీడింగులన్నీ అందులోనే ఉన్నాయి. ఊళ్లో సగం వీధులు వాంతులతో ఆసుపత్రి పట్టాయి. ఏ ట్యాంకు చెడిందో చెప్పగలిగేవి ఆ రీడింగులొక్కటే. ఏ ట్యాంకో తేలేదాకా వాల్వు మూయనని ఇంజనీరు భీష్మించుకుని కూర్చున్నాడు. అన్నీ మూస్తే ఊరంతా ఎండిపోతుందట. ఈలోగా జనం అవే నీళ్లు తాగుతున్నారు.

తొమ్మిదింటికి సైబర్ సెల్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో వెనకాల ఆమెని ‘ఛీ మేడమ్’ అంటారు. తలుపు తీయగానే ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట కూడా ఆ ‘ఛీ’నే.

గది అలా ఉంది మరి. టీ కప్పుల అడుగున బూజు. కీబోర్డుల సందుల్లో బిస్కెట్ పొడి, వెంట్రుకలు, ఎవరో కొరికి ఊసిన గోళ్లు. వాష్‌బేసిన్‌కి పచ్చటి పాచి. ఊరికి నీళ్లు పంపే ఆఫీసు ఇది.

ఆమె బ్యాగులోంచి గుడ్డ తీసి కుర్చీ తుడుచుకుని కూర్చుంది.

"ఉదయం ఇక్కడ ఎవరెవరున్నారు?"

ముగ్గురు. ఇస్త్రీ నలగని చొక్కాలో మేనేజర్. గడ్డం మాసిన ప్రోగ్రామర్. ఆ గోళ్లు ఇతగాడివే. మూలన గోడకి ఆనుకుని, కళ్లు ఉబ్బిపోయి ఆపరేటర్. ఆమె మేనేజర్ భార్యకి స్వయానా చెల్లెలు.

"దాచేదేముంది మేడమ్!" అన్నాడు మేనేజర్. "మా మరదలే తుడిచేసింది. పాపం, దాని కూతురు రాత్రి నుంచి ఆసుపత్రిలో ఉంది. నిద్రలేక చెయ్యి జారింది. కేసూ గీసూ వద్దు. రాజీనామా రాసిచ్చేస్తుంది, సరిపెట్టేద్దాం."

జాలి ఒలకబోస్తూ ఒక కాగితం ఇచ్చాడు. టైపు చేసిన ఫిర్యాదు. టెర్మినల్లో కొట్టిన ప్రతి కమాండూ హిస్టరీ ఫైల్లో పడుతుంది కదా, మరదలి హిస్టరీలో ఆఖరి లైను ఇదీ అని అందులో చూపించాడు.

rm –rf readings

ఫోల్డర్‌ని లోపలి సరుకుతో సహా, అడక్కుండా, మారుమాట లేకుండా తుడిచేసే కమాండ్.

ఇన్‌స్పెక్టర్ ఆపరేటర్ స్క్రీన్ మీద హిస్టరీ తెరిచింది. అదే లైను. అక్షరం తేడా లేదు.

"ఇది మీరు కొట్టారా?"

"గుర్తులేదు మేడమ్."

"పొద్దున చేసింది గుర్తులేదా?"

"పాత లాగ్ ఫైళ్లు తుడవడం రోజూ చేసే పనే. పాపకి సెలైన్ పెట్టించి అట్నుంచి అటే వచ్చాను. సెలవు అడిగితే బావ కుదరదన్నాడు. నేనే కొట్టానేమో! ఏ నీళ్లు తాగిందని డాక్టరు అడుగుతున్నాడు. ఆ జవాబు నా చేత్తో నేనే తుడిచేశానేమో మేడమ్."

"తుడిచే ముందు ఏం చేస్తారు?"

"ls కొట్టి లోపల ఏమేం ఉన్నాయో చూసుకుంటాను. ఏం పోతుందో కళ్లారా చూశాకే rm. ఎప్పుడూ అంతే."

హిస్టరీలో ఆ లైనుకి ముందు ls లేదు. ఇన్‌స్పెక్టర్ ప్రోగ్రామర్ వైపు తిరిగింది.

"ఈవిడ పాస్‌వర్డ్ మీకు తెలుసా?"

"అందరివీ అందరికీ తెలుసు మేడమ్. మానిటర్ల మీద అంటించే ఉంటాయి."

"ఛీ. ఆరింటికి ఎక్కడున్నారు?"

"ఇదే కుర్చీలో. నిద్రపోతున్నా."

"డ్యూటీలో నిద్రా? సిగ్గు లేదూ?"

"ఉంది మేడమ్. నిద్ర కూడా ఉంది."

మేనేజర్ అసహనంగా లేచాడు. "ఈ ఆరాలెందుకు? సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేస్తే కొత్త ఫోల్డర్‌తో మళ్లీ మొదలవుతుంది. నేనే చేస్తా."

అతని చెయ్యి స్విచ్ మీదకి పోయింది.

"తియ్యండి చెయ్యి!"

ఆ అరుపుకి ప్రోగ్రామర్ నిద్రమత్తు కూడా వదిలింది.

"రీడింగులు రాసే ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందా?" ఆమె అతన్ని అడిగింది.

"నడుస్తోంది."

"ఫోల్డర్ పోయాక ఎర్రర్ ఇచ్చిందా?"

"లేదే..." అతను నిటారుగా కూర్చున్నాడు. "అంటే ఫైలు ఇంకా తెరిచే పట్టుకుంది!"

"ఇప్పటికి తెల్లారిందన్నమాట మీకు. ఫైలు తుడిస్తే పోయేది పేరు ఒక్కటే. ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకుని ఉన్నంతసేపూ లోపలి సరుకు డిస్క్ మీదే ఉంటుంది. ప్రోగ్రామ్ ఆపామా, నిజంగానే పోతుంది. ఫైలు పోయిందనగానే రీస్టార్ట్ కొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది."

ఆమె కీబోర్డు తిరగేసి తట్టింది. రాలినదాన్ని చూసి మొహం పక్కకి తిప్పుకుంది. రెండుసార్లు తుడిచి, అప్పుడు lsof కొట్టింది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు పట్టుకుందో వరసగా వచ్చింది. ఒక లైను చివర ‘డిలీటెడ్’ అని ఉంది. ఆ ప్రోగ్రామ్ నంబరు పట్టుకుని, నడుస్తున్న ప్రోగ్రాముల గుట్టు ఉండే /proc లోకి దిగింది. అక్కడ పేరు లేని ఫైలు భద్రంగా ఉంది. దాన్ని తన పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసింది.

అంకెలు స్క్రీన్ నిండా దిగాయి. మొదటి రెండు ట్యాంకులు బాగానే ఉన్నాయి. మూడో ట్యాంకు దగ్గర ఆపరేటర్ ముందుకి వంగింది.

"అమ్మోనియా ఇంతుందేంటి? మురుగు కలిస్తే తప్ప ఇంత రాదు!"

రెండు వారాలుగా పెరుగుతూనే ఉంది. మనుషుల మురుగు, మనుషుల గ్లాసుల్లోకి. ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసింది.

"మూడో ట్యాంకు. వాల్వు మూసేయండి. ఇప్పుడే. రీడింగులు నా కళ్ల ముందే ఉన్నాయి. మురుగు కలిసిందని ఆసుపత్రికి కూడా చెప్పండి."

పెట్టేసి ప్రోగ్రామర్‌ని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. అతను మేనేజర్ గదిలోకి వెళ్లాడు.

"నా గదిలో ఏం పని?" మేనేజర్ అటు అడుగేశాడు.

"వస్తున్నా అక్కడికే." ఆమె వేరేచోట ఒక ఉత్తుత్తి ఫోల్డర్ తయారుచేసి దానికీ readings అనే పేరు పెట్టింది. హిస్టరీలోని లైనుని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఎంటర్ నొక్కింది.

టెర్మినల్ విసుక్కుంది. ఆ పేరుతో ఫైలేదీ లేదంది. ఫోల్డర్‌ని తీసేయలేనంది. ఫోల్డర్ చెక్కుచెదరలేదు.

"ఈ కమాండ్‌తో చీమ కూడా చావదు. ఎందుకో తెలుసా? గీత చూడండి. కీబోర్డు మీద నొక్కితే పడేది పొట్టి గీత. ఇది పొడుగ్గీత. ఉత్తరాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్ అందం కోసం తనంతట తనే దాన్ని సాగదీస్తుంది. టెర్మినల్‌కి ఆ సోకులు తెలియవు. పొడుగ్గీత కనబడితే ఏదో ఫైలు పేరనుకుంటుంది."

"దాన్ని నేను హిస్టరీలోంచే ఫిర్యాదులోకి ఎక్కించా మేడమ్! అక్కడ సాగిందేమో!"

"ఫిర్యాదులో సాగితే హిస్టరీలో పొట్టిగానే ఉండాలి కదా? రెండు చోట్లా పొడుగే. ముందు ఉత్తరంలో టైపు చేశారు, తర్వాత హిస్టరీలో అతికించారు. అది ఒట్టి టెక్స్ట్ ఫైలు. తెరిచి చివర ఒక లైను అంటించడానికి ఏ విద్యా అక్కర్లేదు."

"ఈ ప్రోగ్రామరే చేసుంటాడు!"

"రోజంతా టెర్మినల్లో పడి దొర్లేవాడు కమాండ్ కొట్టడానికి ఉత్తరం తెరవడు."

ప్రోగ్రామర్ తిరిగొచ్చాడు. "ఫిర్యాదు ఫైలు చివరిసారి సేవ్ అయింది నిన్న సాయంత్రం అయిదూ నలభైకి మేడమ్."

"పైఫోల్డర్‌లోంచి readings మాయమైంది ఇవాళ పొద్దున ఆరూ ఇరవైకి. సిస్టమే చెబుతోంది." ఆమె మేనేజర్ కళ్లలోకి చూసింది. "పోబోయేదాని గురించి పోయిందని నిన్ననే రాసిపెట్టుకున్నారు. పొద్దున ఈవిడ మొహం కడుక్కోడానికి లేవగానే వచ్చి మౌస్‌తో, ట్రాష్‌లో కూడా మిగలకుండా డిలీట్ నొక్కారు. హిస్టరీలో లైను అంటించారు. రెండు వారాలుగా మూడో ట్యాంకు అలర్ట్‌లు వచ్చింది ఈవిడకి కాదు, మీ ఫోన్‌కే. అవునా?"

మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. టేబుల్ మీది సీసా అందుకున్నాడు. సీలు వేసిన, కొనుక్కున్న నీళ్లు. నీళ్ల ఆఫీసు మేనేజరు కొనుక్కున్న నీళ్లు తాగుతున్నాడు. ప్రోగ్రామర్ సైతం అది చూసి ఛీ అన్నాడు.

"పగిలింది చిన్న పైపే మేడమ్. నాలుగు రోజుల్లో చడీచప్పుడు లేకుండా బాగుచేయిద్దామనుకున్నా. బయటపడితే మా కంపెనీకి ఈ నీళ్ల కాంట్రాక్ట్ పోతుంది. తప్పు బయటివాళ్ల మీద పెడితే కోర్టుకెక్కుతారు. మా ఇంటి పిల్లైతే..."

"ఊఁ. మీ ఇంటి పిల్లైతే?"

"సర్దుకుపోతుందిలే అని."

ఇంత నీచాన్ని అంత మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ చేతులు గుడ్డతో తుడుచుకుంది. అతన్ని తాకనే లేదు, అయినా తుడుచుకుంది. జీపు గుమ్మం దగ్గరికి తెమ్మని ఫోన్ చేసింది.

అప్పుడు ఆపరేటర్ కదిలింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. వచ్చి బావ ఎదురుగా నిలబడింది.

"ఆదివారం మా ఇంటికొచ్చావు బావా."

అతను సీసా మూత బిగించాడు.

"మంచినీళ్లు తెచ్చిచ్చాను. దాహం లేదన్నావు."

"అమ్మాయ్, నేను చెప్పేది..."

"ఆ గ్లాసు పాప తీసుకుంది. నీ ఒళ్లో కూర్చుని తాగింది."