రాకాసిగూడు మూసుకున్న సంధ్య

అసురసంధ్య... ఐర్లండ్ పడమటి సముద్రం మీంచి కాటుకమబ్బులు కమ్ముకొచ్చి మేయో బీడునేలను మింగేశాయి. పిడుగు పడ్డప్పుడల్లా గుట్టమీది రాకాసిగూడు తెల్లగా మెరిసి మాయమవుతోంది. ఎన్ని వేల ఏళ్ళనాడో మృతులను పడుకోబెట్టి, నిలువురాళ్ళ మీద గుడిసెంత బండను కప్పిన సమాధి అది.

డెర్వ్లా ఆ గుట్ట ఎక్కుతోంది, కూతురు ఊనా వెంటే. ఊనా కనుగుడ్లు తేలేసి, తాడు కట్టి లాగుతున్నట్టు నడుస్తోంది. వారంగా దుంప ముక్క ముట్టలేదు. ఆమె నోట వెలువడే భాష ఊళ్ళో ఏ ముసలికీ తెలియదు. పవిత్రజలం చల్లబోయిన పాదిరి ఆ గొంతు విని వెనక్కి చూడకుండా పోయాడు.

సమాధి లోపల క్షుద్రోపాసకుడు మలాకీ... గొర్రెకొవ్వు దీపం... దాని ముందు, ఆ గూట్లోంచే తవ్వి తీసిన స్త్రీ కపాలం! దాని కళ్ళకు ఊనా జడను కోసి గంతలా కట్టాడు.

"రావమ్మా డెర్వ్లా. పెళ్ళాడతానంటే నీ కూతురు నలుగురిలో పకపకా నవ్వింది. ఇప్పుడు నవ్వమను, విందాం."

"దాన్ని వదిలెయ్ మలాకీ."

"నీ మొగుడూ ఇలాగే బతిమాలాడు, నీళ్ళలో ముంచుతుంటే."

భర్త కాలు జారి పడ్డాడనే ఇన్నాళ్ళూ నమ్మింది డెర్వ్లా.

మలాకీ కపాలం మీద నెత్తురు చిలకరించాడు. "తల్లిని చంపెయ్."

ఊనా చేతులు తల్లి మెడకు ఉచ్చులా బిగిశాయి... ఊపిరాడక కూలిపోతూనే డెర్వ్లా చెయ్యి చాచి కపాలం కళ్ళకున్న ఆ జడను పెరికేసింది.

"చూడు తల్లీ," అంది కపాలంతో, గొంతు పెగుల్చుకుని. "నీ తల తవ్వింది వీడే."

చేతులు వదిలాయి. ఊనా సొమ్మసిల్లింది. కపాలం శూన్య నేత్రకుహరాల్లో నీలజ్వాల రగిలింది... భూగర్భం ఘూర్ణిల్లింది... మట్టిలోంచి లేచిన అస్థిహస్తాలు మలాకీ నడుము పట్టి కిందికి లాగాయి. అతనికి ఒక్క మంత్రమూ నోటికి రాలేదు.

"డెర్వ్లా... చెయ్యందియ్..."

ఆమె కూతుర్ని భుజాన వేసుకుని బయటికి నడిచింది. వెనక నిలువురాళ్ళు ఒరిగాయి. కప్పుబండ నింపాదిగా దిగి కూర్చుంది.

తెల్లవారి ఊరివాళ్ళు గడ్డపారలతో వచ్చారు. బండ మీద డెర్వ్లా. ఆమె ఒళ్ళో ఊనా తల. కిందనుంచి సన్నని మూలుగు.

"లోపల ఎవరో ఉన్నారే," అన్నాడు కమ్మరి కోల్మ్.

"గాలి."

"మలాకీ గొంతులా ఉందమ్మా."

"గాలేనంటున్నాగా. ఇళ్ళకి పొండి."

కోల్మ్ ఆమె మెడ మీది వేలిగుర్తులు చూశాడు. గడ్డపార భుజానికెత్తుకుని దిగిపోయాడు. మిగతావాళ్ళూ కదిలారు.

పొద్దు వాలేసరికి మూలుగు ఆగింది. అప్పుడు లేచింది డెర్వ్లా, కూతుర్ని నడిపించుకుంటూ ఇంటికి.