ఈగల్ని తినే మొక్కకి పురుగు పట్టింది

"ఈగల్ని తినే మొక్కకే పురుగు పట్టిందా?" తేజకి నవ్వాగలేదు.

నరసరావుపేటలో వాళ్ల నాన్న కోటేశ్వరరావుది పురుగుమందుల కొట్టు. బెంచీ నిండా మిరప రైతులు. వాళ్లను తప్పించుకుంటూ వచ్చి కౌంటర్ మీద చిన్న కుండీ పెట్టిన అమ్మాయి కుసుమ. కాలేజీలో కంప్యూటర్స్ లెక్చరర్‌గా కొత్తగా చేరింది. కుండీలో ముళ్ల నోళ్లు తెరుచుకున్న వీనస్ ఫ్లైట్రాప్.

"నవ్వులపాలవ్వడానికి రాలేదండీ. ఏం పురుగో చెప్తారని వచ్చా."

తేజ బుద్ధిగా అరచేయి చాచి, కుండీ వంచి ఆకుల్ని టపటపా తట్టాడు. మిరప పూత దులిపి చూసే పద్ధతే. అరచేతిలో, కౌంటర్ మీద నలకల్లాంటివి రాలాయి. అతగాడి చూపు మాత్రం వాటి మీద లేదు, ఆమె ముక్కుపుడక మీదుంది.

"తామర పురుగు. డౌటే లేదు," అన్నాడు పెద్ద డాక్టరులా.

"లెన్సుతో చూడరా?"

"దీన్ని చూడ్డానికి లెన్సెందుకండీ? ఎన్ని తోటలు ఊడ్చేసిందో వీళ్లనడగండి."

"నిండా ముంచిందమ్మా," అన్నాడు బెంచీ మీద పెద్దాయన. "మా మొక్కలన్నీ పీకి తగలబెట్టాం."

"మరి మందు?"

"ఈ మొక్క మా మందులకి తట్టుకోదండీ. ఇంట్లో ఇంకా కుండీలుంటే వాటిక్కూడా పాకే ఉంటది. అన్నీ కాల్చేయండి."

కుసుమ మొహం వాడిపోయింది. "విత్తనాల నుంచి పెంచానండీ," అంది చిన్నగా. కుండీని గుండెకి హత్తుకుని వెళ్లిపోయింది.

ఆ గొంతు తేజని కుదురుగా ఉండనివ్వలేదు. కౌంటర్ మీద మిగిలిన నలకల మీద భూతద్దం పెట్టాడు. ఒకటి టక్కున గెంతి బిల్లు బుక్కు అవతల పడింది. ఇంకోదాన్ని పట్టి చూస్తే రెక్కల్లేవు. తోక కింద మడిచిన పుల్లలాంటిదేదో ఉంది. ఫోన్లో వెతికితే పేరు దొరికింది, స్ప్రింగ్‌టైల్. తడిమట్టిలో కుళ్లిన చెత్త తిని బతికే పురుగు, మొక్క జోలికే పోదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తేజ మాత్రం తీసుకోడానికే బండెక్కాడు. ఆ పిల్ల ప్రమీలమ్మ గారి మేడ మీద అద్దెకుంటుందని బెంచీ మీద పెద్దాయనే చెప్పాడు.

అతను మెట్లన్నీ ఎక్కేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. కుండీలన్నీ ఒకచోట చేర్చి, మీద పాత పేపర్లు కప్పి, కుసుమ అగ్గిపుల్ల గీస్తోంది. తడికి అది అంటుకోవడం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆగండి! అది తామర పురుగు కాదు. నేను తప్పు చెప్పా. మొక్కకి ఏమీ కాదు."

"డౌటే లేదన్నారుగా?"

"పురుగుని చూళ్లేదండీ. మిమ్మల్నే చూస్తా ఉండిపోయా."

కుసుమ అగ్గిపెట్టె జారవిడిచింది. ముందు కళ్లు తుడుచుకుంది, తర్వాత కోపం తెచ్చుకుంది.

"నలుగురి ముందు నవ్వి, ఇక్కడ చాటుగా సారీనా?"

"పదండి, అక్కడే చెప్తా."

కొట్లో బెంచీ ఇంకా ఖాళీ కాలేదు. తేజ గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ఈ మేడమ్‌కి నేను తప్పు చెప్పా. సరిగ్గా చూడకుండానే కాల్చేయమన్నా."

కోటేశ్వరరావు కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తాడు. "ఏందీ? తప్పా? నువ్వా?" బెంచీ వైపు తిరిగాడు. "పుట్టినకాడి నుంచి వీడి నోట ఆ మాట విన్నది లేదయ్యా!"

అందరూ గొల్లుమన్నారు. తేజ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తలొంచుకోలేదు. పక్కన ఆ అమ్మాయి నవ్వుతోంది, అతనికి అంతే చాలు.

కోటేశ్వరరావు తన కుర్చీ ఖాళీ చేసి ఆమె ముందుకి జరిపాడు. "కూర్చో అమ్మా. మీదే ఊరు? మీ నాన్నగారి నంబరు ఇచ్చిపో, ఒకసారి మాట్లాడతా."

కుసుమ కూర్చుంది. తేజ వైపు ఒక్కసారి, తీరిగ్గా చూసింది.

"రాసుకోండి మావయ్యా," అంది.