చిట్టి బిగించిన సాకెట్లు

పొద్దున్నే కాఫీ తాగి, అలా వీధిలో నడిచొస్తానని కరెంటు మేస్త్రీ చెప్పులేసుకున్నాడంటే ఆయన భార్యకు నవ్వొచ్చేది. నడకన్నది వట్టి వంక. జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని నడకకు ఎవరు వెళ్తారు? కూతురు చిట్టి ముందురోజు ఏ ఇంట్లో సాకెట్లు బిగించిందో ఆ ఇంటికి వెళ్ళి, అన్నిటినీ మళ్ళీ విప్పి బిగించి వస్తేగాని ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఒంట్లో షుగరు చేరాక నిచ్చెనెక్కడం మానేసి, కరెంటు పనంతా చిట్టికి అప్పగించాడు. అప్పగించానని నోటితో అన్నాడే గానీ, మనసుకు ఆ కబురు ఇంకా అందలేదు. పోనీ ఆ పిల్లకు పని రాదా అంటే, ఆయన దగ్గర నేర్చుకున్నదే. తీగ ఒలవడం, మెలి తిప్పడం, అంతా ఆయన పద్ధతే. వంక పెట్టడానికేమీ లేదు, అయినా వెళ్ళేవాడు. పైగా షుగరు వల్ల ఆయన వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికే తంటాలు పడుతున్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరి చెవినా వేయలేదు.

మీరలా వెనకే తిరిగితే పిల్ల పని మీద జనానికి నమ్మకమెలా కుదురుతుందని భార్య ఒకసారి మెత్తగానే అడిగింది. కరెంటుతో పరాచికాలా, నేనోసారి చూస్తే పోయేదేముందని కసురుకున్నాడు పెద్దమనిషి. మర్నాడూ వెళ్ళాడు.

ఒకరోజు ఆయన నడకకు బయల్దేరేలోపే ఫోనొచ్చింది. వీధి చివర టీచరుగారింట్లో వాషింగ్ మెషీన్ సాకెట్ మాడి పొగలొచ్చాయట. పోయిన వారం చిట్టి బిగించిందే. చిట్టి సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. మేస్త్రీ వెనకే నడిచాడు.

ఇల్లంతా కమురు కంపు. సాకెట్ సగం కరిగి గోడకు అంటుకుపోయింది. టీచరుగారు మంచావిడే గానీ, భయంతో ఆవిడ మాట కరుకైంది. పక్కనే ఉన్న బట్టల బుట్ట అంటుకుని ఉంటే మా గతేమిటని నిలదీసింది.

చిట్టి మెయిన్ స్విచ్ ఆపి, టెస్టరుతో చూసుకుని, సాకెట్ ఊడదీసి వెలుతురుకు తిప్పింది. స్క్రూ రాగి మీద కాక, తీగ మీది ప్లాస్టిక్ తొడుగు మీద బిగిసింది. రాగి తగిలీ తగలక వేడెక్కి మాడిపోయింది. ఇలా బిగిస్తే లాగినా తీగ ఊడి రాదు, గట్టిగానే ఉందనిపిస్తుంది. ఆ ఇరుకులో కంటికి ఆనదు, తొడుగు ఎక్కడిదాకా ఉందో వేళ్ళతో తడిమి తెలుసుకోవాలి.

మేస్త్రీ ఆ స్క్రూనే చూస్తూ నిలబడ్డాడు. పోయిన వారం దీన్ని విప్పి మళ్ళీ బిగించింది తనే.

చిట్టి తల తిప్పి తండ్రి వంక ఒక్కసారి చూసింది. తన తర్వాత దీన్ని ఎవరు విప్పారో ఆ పిల్లకు అర్థమైపోయింది. అయినా టీచరుగారి వైపు తిరిగి, పొరపాటు తనదేనని, కొత్తది వేసి మిగతావన్నీ చూసి వెళ్తానని చెప్పింది.

"ఏమీ అనుకోకమ్మా" అంది టీచరుగారు. "ఇకమీదట మా ఇంటికి మీ నాన్నగార్నే పంపించు. పక్కవాళ్ళకూ అదే చెబుతాను."

చిట్టి తలూపింది. ఈ మాట గుమ్మం దాటిందంటే ఆ పిల్లను ఇక ఏ ఇంటికీ పిలవరని మేస్త్రీకి తెలుసు. నోరు మూసుకుంటే తన పరువు నిలుస్తుంది. కూతురి బతుకు మాత్రం ఇక్కడే తెల్లారిపోతుంది.

"ఆ పని నాదమ్మా" అన్నాడు. "మా అమ్మాయి సరిగ్గానే బిగించింది. మర్నాడు నేనొచ్చి విప్పి చెడగొట్టాను. ఈ వేళ్ళకిప్పుడు రాగేదో ప్లాస్టిక్కేదో తెలియట్లేదు."

ఆ మర్నాడు పొద్దున్నే ఈయనొచ్చి సాకెట్ విప్పిన సంగతి టీచరుగారికి గుర్తొచ్చింది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అడిగింది చిట్టి.

"గుండీలు పెట్టమని మీ అమ్మనడగడానికి సిగ్గుపడ్డప్పట్నుంచి."

"నాకు చెప్పొచ్చుగా. నన్ను అంత నమ్మలేకపోయారా?"

"నమ్మకపోవడం కాదే. నిన్ను నమ్మేస్తే ఇక నాతో పనేముంటుందని భయమేసింది." అంటూ ఆయన కుర్చీలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

చిట్టి ఆయన పక్కన కూర్చుని ఆ మొద్దుబారిన వేళ్ళను కాసేపు పట్టుకుంది. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, కాదంటే ఊరుకోనంది. తర్వాత లేచి, మాడిన తీగ కత్తిరించి, కొత్త కొస ఒలిచి, వేళ్ళతో తడిమి చూసుకుని కొత్త సాకెట్ బిగించింది. మేస్త్రీ కుర్చీలోంచి లేవలేదు. టీచరుగారు మొహమాటపడుతూనే, మరి ఈ పని సరిగ్గా ఉందో లేదో ఇప్పుడెవరు చూస్తారని ఆయన్ను అడిగింది.

"దాని పనికి వంక పెట్టగలిగేవాళ్ళు ఈ వీధిలో లేరమ్మా" అన్నాడు మేస్త్రీ. "నాతో సహా."

చిట్టి తలెత్తలేదు. చేతులు ఖాళీ లేక తడిసిన చెంపను భుజానికి రాసుకుని, మెయిన్ వేయమని తండ్రికి చెప్పింది. ఆయన లేచి వెళ్ళి వేశాడు.